గోదావరి రేవులు: నీటిపరీక్ష ఎవరికొరకు?

కరీంనగరము, ఆదిలాబాదు జిల్లాలకు సముద్రతీరము లేదు. అయినను కార్తిక పౌర్ణమినాడు ధర్మపురి రేవును చూచినవారికి ఆ కొరత స్ఫురింపదు. బాసర, గూడెము, మంచిర్యాల, గోదావరిఖని, మంథని, కాళేశ్వరము మున్నగు రేవులయందు పర్వదినములలో మునుగు స్త్రీలు, పురుషులు, చంటిబిడ్డలు, ముదుసళ్లు వేలకొలది. తాము దిగబోవు నీరు ఆనాడు స్నానమునకు తగియున్నదో లేదో వీరిలో ఎవరికిని తెలియదు, తెలుపువారును లేరు. దర్శనపు టిక్కెట్ల ధరలను, తలనీలాల రుసుమును, బండ్లు నిలుపు సుంకమును తెలుపు పలకలు మన తీర్థములలో కావలసినన్ని యున్నవి. నీటి సంగతిని తెలుపు పలకకే కరవు.

ఈ విషయమును ఇప్పు డెత్తుకొనుటకు కారణము కలదు. 2015 జూలై 14 మొదలు 25 వరకు జరిగిన గోదావరి పుష్కరముల తరువాత పండ్రెండేండ్లకు, అనగా 2027 లో, మరల పుష్కరములు రావలసియున్నవి. పుష్కరము లనగనే మన ప్రభుత్వములకును పురపాలక సంఘములకును మొట్టమొదట జ్ఞప్తికి వచ్చునవి మెట్లు, దారులు, దీపములు, కంచెలు. 2015 లో తొలినాడే రాజమహేంద్రవరపు పుష్కర రేవున త్రొక్కిసలాటలో 27 గురు మరణించిరి గనుక జనసమ్మర్దమును గూర్చిన జాగ్రత్త అత్యావశ్యకమే. దానిని మేము తగ్గించి చెప్పము. కాని త్రొక్కిసలాటలో పోయిన ప్రాణము లెక్కకు వచ్చును. మునక వేసిన మూడవనాడు వాంతులతో విరేచనములతో ఇంటిలో మంచమెక్కిన పసివాడు ఏ లెక్కకును రాడు. అప్పటి కతడు రేవునుండి వంద మైళ్ల దూరమున నుండును. అతని జబ్బునకును రేవునకును గల సంబంధమును వైద్యుడు అడుగడు, తల్లి చెప్పదు. నీటివలని హాని మన దేశమున కంటికి ఆనకపోవుటకు ఇదియొక ముఖ్యహేతువు.

నీటి మంచిచెడ్డలు చూపునకు తెలియవు. తేటనీరంతయు మంచిది కాదు, కలకనీరంతయు విషము కాదు. దీనికొక గురుతు కావలసివచ్చెను. 1885 లో ఎషెరిష్ అను జర్మను శిశువైద్యుడు పసిబిడ్డల మలములో ఒక సూక్ష్మజీవిని కనిపెట్టెను. అది మనుష్యుల యొక్కయు పశువుల యొక్కయు ప్రేవులలో నివసించును. అందు అనేక తెగలు స్వయముగ హాని చేయనివే. కాని ఏ నీటిలో అది కనబడునో ఆ నీటిలో మలము కలిసినదని నిశ్చయింపవచ్చును. కలరా, సన్నిపాతజ్వరము, పచ్చకామెర్లు, రక్తవిరేచనములు కలిగించు క్రిములు వచ్చు త్రోవయు అదియే. దొంగను పట్టుకొనలేకున్నను దొంగ అడుగుజాడను పట్టుకొన్నట్లు, శాస్త్రజ్ఞులు ఈ కోలిఫారం జాతిని లెక్కించి నీటి యోగ్యతను నిర్ణయించుచున్నారు.

మన కేంద్రప్రభుత్వమువారు స్నానపు నీటికి 2000 వ సంవత్సరమున ఒక ప్రమాణమును ప్రకటించిరి. వంద మిల్లీలీటర్లలో, అనగా ఒక చిన్న టీ గ్లాసెడు నీటిలో, మలసంబంధమగు కోలిఫారములు 500 లోపుండుట వాంఛనీయము, 2500 మించరాదు. నీటిలో కరిగిన ప్రాణవాయువు లీటరునకు 5 మిల్లీగ్రాములకు తగ్గరాదు. నీటిలోని మలినము కుళ్లుటకు వ్యయమగు ప్రాణవాయువు, దానినే బి.ఓ.డి. యందురు, 3 మిల్లీగ్రాములను మించరాదు. ఈ అంకెలు రహస్యములు కావు, శాసనపత్రములలో నున్నవి. పాతిక యేండ్లు దాటినను మన రేవులకు వచ్చు యాత్రికులలో వందకొకడైనను వీనిని విని యుండునా యని మా సందేహము.

పరీక్షలు అసలే జరుగుటలేదని మేము ఆరోపించుటలేదు. 1974 నాటి జలకాలుష్య నివారణ చట్టము ననుసరించి కేంద్ర, రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలులు దేశమునందలి నదులలో స్థలములను నిర్ణయించి నీటిని పరీక్షించుచుండుట చాల కాలముగ జరుగుచున్నది. బాసర, మంచిర్యాల, గోదావరిఖని స్నానఘట్టము వారి జాబితాలో చేరిన తావులే. 2018 లో కేంద్ర మండలివారు దేశమున 351 నదీభాగములు కలుషితములని ప్రకటించినపుడు గోదావరియు, దానిలో కలియు మానేరును తెలంగాణపు పట్టికలో కనబడినవి. కావున కొలుచువారు కలరు, అంకెలు కలవు. వచ్చిన చిక్కెల్ల ఆ అంకెలు ఎవరి కొరకు ఏర్పడినవో దానియందున్నది. అవి ఇంజనీర్ల కొరకును, న్యాయస్థానములకు సమర్పింపవలసిన నివేదికల కొరకును ఏర్పడినవి. శుద్ధికేంద్రము ఎక్కడ కట్టవలెను, ఏ పట్టణమున కెంత ధనమీయవలెను అను ప్రశ్నలకు నెల కొక నమూనా చాలును. రేపు తెల్లవారుజామున మనుమరాలితో కూడ నీటిలో దిగబోవు అవ్వకు అది చాలదు.

చాలకపోవుటకు కారణములు చెప్పెదము. మురుగు కాలువ ఒడ్డుననే నదిలో పడును. ఆ నీరు చాల దూరము ఒడ్డు నంటియే పారును. జనులు మునుగునదియు ఒడ్డుననే, మోకాలి లోతునుండి నడుములోతు వరకు. నడిప్రవాహమున తీసిన సీసాలో నీరు నిర్దోషముగ నుండి, అదే నిమిషమున రేవులోని నీరు దుష్టమై యుండుట అసంభవము కాదు. మఱియు స్నానము చేయువారే నీటిని పాడుచేయుదురు. ఉదయము ఆరుగంటలకు తీసిన నీరు వేరు, పదివేలమంది మునిగిన పిదప పది గంటలకు తీసిన నీరు వేరు. వాన కురిసినను మారును. ఎండకాలమంతయు వీధులలో, కాలువలలో, పొలముల గట్లపై ప్రోగైన మలినము తొలి వానతో ఒక్కపెట్టున నదిలోనికి దిగును. గోదావరి పుష్కరములు వచ్చు ఋతువు సరిగ ఇదియే. తుంగభద్రకు వచ్చినట్లు వానలు వెనుకబడిన తరువాత వచ్చు పర్వము కాదు.

2015 లో ఇంకొక విపరీతము సంభవించినది. ఆ యేడు వానలు ముఖము చాటువేసినవి, నది సన్నగిల్లినది, కొన్ని రేవులలో జల్లుస్నానముల గొట్టములు అమర్పవలసివచ్చెను. నీరు తక్కువైనపుడు మురుగు పలుచబడదు. నీరెక్కువైనపుడు తొలి వరద మలినమును మోసికొనివచ్చును. ఈ రెంటిలో ఏది వచ్చునో ముందుగ చెప్పగల జ్యోతిష్కుడు లేడు గనుక, సీసాయే శరణ్యము.

బాసర సంగతి వేరుగ చెప్పవలసియున్నది. బాసరకు ఎగువను మహారాష్ట్రమున నాందేడు నగరమున్నది. అచటినుండి వచ్చు నీరే శ్రీరామసాగరపు వెనుకనీటిలో కలిసి బాసర మెట్లను తాకును. నడుమ బాభళీ ఆనకట్ట కలదు. 2013 ఫిబ్రవరిలో సర్వోన్నత న్యాయస్థానము ఇచ్చిన తీర్పు ననుసరించి దాని తలుపులు ఏటేట జూలై 1 వ తేదీన ఎత్తి అక్టోబరు 28 వరకు తెరచియుంచవలెను. అనగా నిలువయున్న నీరు ఒక తెలిసిన దినమున కదలి మనవైపు వచ్చుచున్నది. ఆ నీటి పరిమాణమును గూర్చి రెండు ప్రభుత్వములు ఏండ్ల తరబడి వాదములాడినవి, ఎన్ని టి.యం.సి.లని లెక్కలు గట్టినవి. ఆ నీటి గుణమెట్టిదని అదే పట్టుదలతో అడిగియుండిన ఎంత బాగుండెడిది! తలుపులెత్తు దినమున నాందేడు దిగువను ఒక నమూనా, మూడవనాడు బాసరలో ఒక నమూనా తీయుటకు ఏ ఒడంబడికయు అక్కరలేదు. రెండు రాష్ట్రముల మండలులు ఒక ఉత్తరము వ్రాసికొన్న చాలును.

దిగువకు పోయినకొలది పరిస్థితులు మారుచుండును. రామగుండము, మంచిర్యాల బొగ్గుగనుల పట్టణములు, జనము దట్టమైన తావులు. ఈ పట్టణముల మురుగునకు సహజముగ పల్లము గోదావరియే. కాళేశ్వరము వద్ద ప్రాణహిత వచ్చి కలియును. అచట 2022 ఏప్రిలులో ప్రాణహిత పుష్కరములు, 2025 మే 15 మొదలు 26 వరకు సరస్వతీ పుష్కరములు జరిగినవి. గోదావరీ పుష్కరములు కూడ రానుండుటచే ఈ చిన్న గ్రామపు రేవు ఆరేండ్లలోపల మూడు పుష్కరముల జనమును మోయుచున్నది. దానికి దిగువ మేడిగడ్డ ఆనకట్ట 2019 లో ప్రారంభమై, 2023 అక్టోబరులో స్తంభములు క్రుంగుటచే నీటిని వదలివేయవలసివచ్చెను. నీరు నిలిచిన యేటి రేవు ఒకటి, పారిన యేటి రేవు ఇంకొకటి. కావున మొన్నటి పరీక్షను చూపి నేటికి భరోసా ఇచ్చుట కుదరదు.

ఇక ఒక ఆక్షేపణ. "గోదావరీమాతకు మైలయా? సీసాలో పట్టి పరీక్షించుట అపచారము కాదా?" అని పెద్దలు కొంద రడుగుదురు. ఈ మాటను పరిహసించు విద్యాధికులతో మేము ఏకీభవింపము. నదులకు తమ్ము తాము శుద్ధిచేసికొను శక్తి కొంత కలదనుట మూఢత్వము కాదు. ఆగ్రాలోని ప్రయోగశాలలో పనిచేసిన హాంకిన్ అను ఆంగ్లేయుడు గంగా యమునల నీటిలో కలరాక్రిమి త్వరగా నశించుచున్నదని 1896 లోనే ప్రకటించెను. 1917 లో డిహెరెల్ అను శాస్త్రజ్ఞుడు సూక్ష్మజీవులను భక్షించు అంతకంటె సూక్ష్మమగు జీవుల కొక పేరు పెట్టి లోకమునకు తెలిపెను. ఎండయు, ప్రవాహమును, కాలమును కలిసి నీటిని బాగుచేయుననుటయు నిజమే. అయితే ఆ శక్తి కొక మితి కలదు. పూర్వము పల్లె పల్లెకు నడుమ పది మైళ్ల ప్రవాహముండి నదికి ఊపిరి తీసికొను వ్యవధి దొరకెడిది. నేడు ఒక పట్టణపు మురుగు అడుగంటకమునుపే మరియొక పట్టణపు మురుగు కలియుచున్నది.

అపచారమన్న మాట వచ్చినది గనుక చెప్పుచున్నాము. నీటిలో మలమూత్రములను, ఉమ్మిని, అశుద్ధవస్తువులను విడువరాదని మనుస్మృతి నాల్గవ అధ్యాయమునందే నిషేధమున్నది. పురపు మురుగునంతను కాలువ కట్టి తల్లి ఒడిలోనికి త్రిప్పినపుడు లేని అపచారము, ఆ తల్లి యొంటిమీది జ్వరమును కొలుచు సీసాకు అంటునా? 1915 లో గాంధీమహాత్ముడు హరిద్వారపు కుంభమేళాకు వెళ్లి, గంగాతీరమున జనులు చేయు అశుచిని చూచి మిక్కిలి నొచ్చుకొనెను. ఆయన భక్తిని శంకించినవారు లేరు. ఆ మేళా జరిగి నూరేండ్లు గడచినవి. పరిపాలన మన చేతిలోనికి వచ్చియు ముప్పాతిక నూరేండ్లు దాటినది. ఇంకను పరాయివానిపై నెపము వేయుటకు వీలులేదు.

ప్రయాగలో 2025 జనవరి, ఫిబ్రవరి నెలలలో జరిగిన కుంభమేళా మనకొక పాఠము నేర్పవలెను. స్నానస్థలములలో మలసంబంధ కోలిఫారములు అనేక పర్యాయములు ప్రమాణమును మించినవని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి జాతీయ హరిత న్యాయస్థానమునకు ఫిబ్రవరిలో నివేదించెను. ఉత్తరప్రదేశ్ ప్రభుత్వమువారు దానిని త్రోసిపుచ్చి, నీరు స్నానమునకే గాక ఆచమనమునకును యోగ్యమనిరి. ఆ నెల చివరను అదే కేంద్ర మండలి ఇంకొక నివేదికలో మధ్యమపు విలువల లెక్కను బట్టి నీరు స్నానయోగ్యమని చెప్పెను. ఇందెవరి గణితము సరియైనదో తీర్చుటకు మేము పూనుకొనము. ఈ వాదమంతయు కోట్లమంది మునిగిన తరువాత, న్యాయస్థానపు గదులలో, పత్రికలలో జరిగినది. నీటిలో దిగువాడు నెలసరి మధ్యమములో మునుగడు; ఒక దినమున, ఒక గడియలో, ఒక మెట్టుకడ మునుగును. ఆ దినపు అంకె ఆ దినముననే రేవున వ్రాసియుండిన ఈ వివాదమునకు తావేది?

అన్యదేశములలో ఈ పని ఎట్లు జరుగుచున్నదో కొంచెము చూతము. ఐరోపావారు 1976 లోనే స్నానపు నీటిని గూర్చి శాసనము చేసికొని, 2006 లో దానిని సవరించిరి. అందు ప్రతి స్నానస్థలమునకు ఉత్తమము, మంచిది, చాలినది, చెడ్డది అను నాలుగు తరగతులలో నొకటి నిర్ణయించి, ఆ సంగతిని ఆ స్థలమునందే అందరికి కనబడునట్లు ఉంచవలెనని విధించిరి. పారిసు నగరమున సేన్ నదిలో స్నానము 1923 నుండి నిషిద్ధము. విస్తారధనము వ్యయము చేసి నదిని బాగుచేసి 2025 జూలైలో మూడు రేవులను తెరచిరి. దినదినము పరీక్షించి, యోగ్యమైన పచ్చజెండా, కానిచో ఎఱ్ఱజెండా ఎత్తుచుండిరి. తెరచిన తొలిదినములలోనే వాన కురియగా రేవులు మూసివేసిరి. అంత ధనము పోసిన తరువాత మూయుటకు వారు సిగ్గుపడలేదని మా చదువరులు గమనింపవలెను. మూయుటయే ఆ పరీక్షకు ప్రయోజనము.

జర్మనీవారు చేసిన పరిశోధన యొకటి మనకు మిక్కిలి సన్నిహితముగ నున్నది. 2006 లో ప్రకటింపబడిన ఆ పరిశోధనలో 2196 మంది జనులను చీట్లు వేసినట్లు రెండు జట్లుగ చేసి, ఒక జట్టును మంచినీటి స్నానస్థలములలో పది నిమిషములుంచి, తప్పనిసరిగ మూడుసార్లు తల ముంచుమనిరి; ఇరువది నిమిషముల కొకసారి నీటిని తీసి పరీక్షించిరి. మూడు మునకలు! మన సంకల్పస్నానము చూచి వ్రాసికొన్నట్లున్నది. ఆ పరిశోధనలో తేలినదేమనగా, వంద మిల్లీలీటర్లకు ఎషెరిష్ సూక్ష్మజీవులు సుమారు వంద దాటినచో మునిగినవారికి కడుపుజబ్బులు మునుగనివారికంటె హెచ్చగుట కనబడినది. మన ప్రమాణమున వాంఛనీయమే 500, గరిష్ఠము 2500. కావున మన అంకెలు అతికఠినములని గొణుగువారు కొంచె మాగవలెను. మన తెలుగుతీరముననే విశాఖ రుషికొండకు 2020 లో నీలిజెండా గుర్తింపు వచ్చినది. దాని నియమములలో నీటిపరీక్షయు, పరీక్షాఫలమును తీరముననే ప్రకటించుటయు చేరియున్నవి. సముద్రపు విహారికి చేయు మర్యాద గోదావరి యాత్రికునకు చేయరాదా?

నది సంగతి యిట్లుండగా, కోనేళ్ల సంగతి ఇంకను జాగ్రత్తగ చూడవలసినది. వేములవాడకు వచ్చు భక్తులు ధర్మగుండమున మునిగి కోడెమొక్కు చెల్లించుట ఆచారము. ధర్మపురిలోను కోనేరు కలదు. పారునీరు ఎంతోకొంత తన్ను తాను కడుగుకొనును. నిలువనీటికి ఆ వీలు లేదు. అయితే ఒక సౌకర్యమున్నది. నదిలో సూక్ష్మజీవులను లెక్కించుటకు నమూనాను మంచుపెట్టెలో ఉంచి ప్రయోగశాలకు పంపి, 44.5 డిగ్రీల వేడిలో పెంచి, ఒకటి మొదలు మూడు నాలుగు దినములు వేచియుండవలెను. కోనేటి నీటికి క్లోరిను కలిపి, అది ఎంత మిగిలియున్నదో రంగును బట్టి కొలుచుటకు అయిదు నిమిషములు చాలును. దేవస్థానపు సేవకుడెవ్వడైనను ఒక్కపూటలో నేర్చుకొనవచ్చును. కేరళమున 2025 లో నిలువనీటిలో నివసించు అమీబావలన మెదడువాపు వచ్చి పలువురు మరణించిన వార్తలు మా చదువరులకు జ్ఞాపకముండును. ఆ జీవి కోలిఫారం పరీక్షలో దొరకదు. వెచ్చని నిలువనీరు దానికి ప్రియము, క్లోరిను దానికి గిట్టదు. భయపెట్టుటకు వ్రాయుటలేదు. అయిదు నిమిషముల పనిని వాయిదా వేయవలదని వ్రాయుచున్నాము.

నదికి సంబంధించినంతవరకు ఫలము ఆలస్యముగ వచ్చుట యథార్థమే. రేపటి స్నానమునకు నిన్నమొన్నటి నమూనా సరిపోదని కొంద రధికారులు చెప్పుదురు. దానికి విరుగుడు లేకపోలేదు. పరీక్షలు వారవారము చాలకాలము చేసి, వాన ఎంత కురిసిన ఏ రేవున ఎన్ని దినములు నీరు చెడునో లెక్క తేల్చికొన్నచో, తరువాత వానను చూచియే హెచ్చరిక వ్రాయవచ్చును. స్కాట్లండులోని తీరములందు ఇట్టి అంచనాలను దినదినము పలకలపై చూపుచున్నారు. కాని ఆ లెక్క తేలవలెనన్న ముందుగా ఏండ్లకొలది వారపు పరీక్షలుండవలెను గదా. మన కడ లేనిది అదియే.

మన కిది సాధ్యమా యందురేమో. నారిపురుగు సంగతి వృద్ధులను అడుగుడు. దిగుడుబావులలో కాలుమోపిన రోగి పుండునుండి పురుగుపిల్లలు నీటిలో చేరి, ఆ నీరు త్రాగినవారికి మరుసటి యేడు కాలిలో పురుగు వెడలెడిది. తెలుగుదేశమున ఎన్నియో గ్రామములు ఆ బాధ పడినవి. దేశవ్యాప్తముగ ఊరూర రోగిని వెదకి, పేరు వ్రాసికొని, బావులను మార్చి, నీటిని గుడ్డతో వడగట్టుట నేర్పి, 1996 లో కడపటి రోగిని చూచితిమి. 2000 లో ప్రపంచ ఆరోగ్యసంస్థ భారతదేశమునకు ఆ వ్యాధి పోయెనని నిర్ణయపత్రము నిచ్చెను. ఆ పనిలో గొప్ప యంత్రము లేవి? నీటిని, మనిషిని కలిపి చూచు పట్టుదలయే. అట్లే గ్వాలియరులోని మన రక్షణ పరిశోధకులు 1982 లో ఒక చిన్న సీసా పరీక్షను కనిపెట్టిరి. నీటిలో మలము కలిసిన ఆ సీసా నల్లబడును. అది త్రాగునీటికి ఉద్దేశించినది, సంఖ్య చెప్పదు గనుక నదిరేవునకు చాలదు; బావులకు, కోనేళ్లకు తగును. ఇతర దేశములకు పాకిన ఆ ఉపాయము మన పల్లె పాఠశాలలలో ఎందరెరుగుదురు?

ఇక నెవరు చేయవలెను? 2016 అక్టోబరున జిల్లాలు విభాగింపబడుటచే బాసర నిర్మలునకు, ధర్మపురి జగిత్యాలకు, గూడెము మంచిర్యాలలు మంచిర్యాల జిల్లాకు, గోదావరిఖని మంథనులు పెద్దపల్లికి, కాళేశ్వరము భూపాలపల్లికి, వేములవాడ సిరిసిల్లకు పోయినవి. నది ఒకటే, కలెక్టర్లు ఆరుగురు. నీరు నియంత్రణ మండలిది, రేవు దేవాదాయ శాఖదో పురపాలక సంఘమునదో, జబ్బు ఆరోగ్య శాఖది. ఇందెవరికిని "నేడు మునుగవలదు" అని పలికెడి అధికారము స్పష్టముగ లేదు. ఈ అధికారమును ఒక్కరికి, జిల్లా ఆరోగ్యాధికారికి, పేరుపెట్టి ఇచ్చి, వ్రాతమూలకముగ ఉత్తరువు చేయవలెనని మేము కోరుచున్నాము. పరీక్ష చేయు మండలియే హెచ్చరిక కూడ చేయుట మంచిదికాదు. రేవు నడుపు సంఘము చేయుట అంతకంటె మంచిదికాదు. వచ్చు జనము తగ్గిపోవునను భయము రెండవవారికి ఎప్పుడును ఉండును.

పరీక్షకు మనుష్యులు లేరనుట చెల్లదు. కరీంనగరమున శాతవాహన విశ్వవిద్యాలయము, బాసరలో రాజీవ్‌గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయము 2008 నుండి యున్నవి. మండలి ప్రయోగశాల అధ్యక్షతను విద్యార్థులు వారమున కొకనాడు నమూనాలు తీసి పరీక్షించుట వారి చదువులో భాగము చేయవచ్చును. మామూలు దినములలో వారమున కొకసారి, వాన కురిసిన మరునాడు తప్పక, పర్వదినములలో ప్రాతఃకాలమున నొకటి, మధ్యాహ్నమున నొకటి. నమూనా రేవులోనే, మోకాలిలోతు నీటిలో, పిల్లలు ఆడు తావున తీయవలెను. ఫలము తెలుగులో, పెద్ద అక్షరములతో, మొదటి మెట్టుకడ. అక్షరము రానివారికి పచ్చ, పసుపు, ఎఱుపు రంగులు. గ్రంథాలయములందు పత్రికలతోబాటు ఆ వారపు ఫలమును గోడపై అంటించు బాధ్యతను గ్రంథపాలకులు వహింతురని నమ్ముచున్నాము; చదువరులైనవారు అచట చేరువారికి దానిని చదివి వినిపింపగలరు.

ఇవన్నియు అమలునకు వచ్చులోపల స్నానము చేయువారే గమనింపదగినవి కొన్ని. తొలి వరద రెండుమూడు దినములు తల ముంచక, చెంబుతో నీరు పోసికొనుట మేలు. పుండున్నవారు, చంటిబిడ్డలు, గర్భిణులు కుళాయి నీటితో ప్రోక్షించుకొనిన దోషము లేదని పురోహితులే చెప్పవలెను. వారు చెప్పిన వినువారు మేము చెప్పిన వినువారికంటె హెచ్చు. ఆచమనమునకు ఇంటినుండి కాచిన నీరు తెచ్చుకొనవచ్చును. కాలువ కలియు తావునకు దిగువను గాక ఎగువను దిగవలెను.

ఈ చివరి మాట పుష్కరపు పనులు చేయించు అధికారులు ప్రత్యేకముగ గ్రహింపవలెను. క్రొత్తమెట్లు ఎచ్చట కట్టవలెననునది నేలవాలును బట్టియు, రహదారిని బట్టియు నిర్ణయింపబడుచున్నది. మురుగు పడు తావునకు దిగువను కట్టిన మెట్లు ఎంత విశాలమైన అంతమందిని ఆ మురుగులో దింపును. మెట్లకు రాళ్లు తోలకముందే ఒక వానకాలపు తొలి వరదలో ప్రతి రేవునకు ఎగువ, దిగువ, రేవు అను మూడు తావుల నీటిని తీసి లెక్కలు ప్రకటింపవలెను. సీసాలు నింపుటకు ఒక్క యుదయము, ఫలము తెలియుటకు నాలుగు దినములు పట్టును.